నెల్లూరు శీతకాలంలో పెరటి తోట

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. టమాటా నారు మొదలు నల్లబడి, దారంలా సన్నబడి వాలిపోయింది. అది పురుగు పని కాదమ్మా, నీ చెంబు పని. నువ్వు ఇదివరకు ఉన్న హైదరాబాదులో ఈ రోజుల్లో గాలి పొడిగా ఉంటుంది, రోజూ నీళ్ళు పోసినా చెల్లింది. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే. చలి పేరుకే. ఇప్పుడు నీ పని మొక్కకు నీళ్ళు పెట్టడం కాదు, ఉన్న నీళ్ళు బయటికి పంపడం.

ఆ వాలిన నారు పీకి దూరంగా పారెయ్యి. కొత్త మడిని జానెడు ఎత్తు చేసి, మట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలుపు. విత్తనానికి ట్రైకోడెర్మా, అంటే కుళ్ళును ఆపే మేలు బూజు పొడి, పట్టించి పలచగా చల్లు. ఒత్తుగా పోస్తే గాలి ఆడక మళ్ళీ ఇదే కథ.

మిగిలిన నారుమీదికి కుళ్ళు పాకకుండా బోర్డో మిశ్రమం పొయ్యి. పది గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీళ్ళలో, పది గ్రాముల సున్నం మరో అర లీటరులో విడిగా కరిగించు. ప్లాస్టిక్ బకెట్లే వాడు, ఇనుము వద్దు. తుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలో పోస్తూ కలుపు. అందులో శుభ్రమైన ఇనుప చాకు ముంచి చూడు. ఎర్రటి పూత పడితే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త కలుపు. ఆ రోజుది ఆ రోజే వాడెయ్యాలి.

కుండీల కింద పళ్ళేలు తీసేసి ఇటుకల మీద పెట్టు. ఒకసారి మా కరివేపాకు పసుపెక్కితే ఆకలి అనుకుని ఎరువు మీద ఎరువు వేశాను. చివరికి కుండీ బోర్లిస్తే అడుగు చిల్లు మూసుకుపోయి ఉంది, వేళ్ళు మురుగు కాలువలా కంపు కొట్టాయి. మీ పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

పాలకూర, మెంతికూర గట్లమీద వేసుకో. చిక్కుడుకు మబ్బు రోజుల్లో రసం పీల్చే పేనుబంక పురుగు పడుతుంది. తీగ మీద చీమల బారు కనబడితే లేత చివర్లు తిప్పి చూడు. తుపాను కబురు వినగానే పందిరి గుంజలు బిగించు.

మల్లెపొదకు మాత్రం చుక్క నీరు పొయ్యకు. జనవరిలో వచ్చి కొమ్మలు నేనే కత్తిరిస్తాను. కత్తెరకు నూనె రాసి ఉంచు, పోయినసారి తుప్పు పట్టించావు.