వ్యంగ్య చిత్రంలో పోలిక ఎందుకు పోతుంది?

ఇలస్ట్రేషన్ నేర్చుకుంటున్న మీరు అడిగింది ఇదీ: ముక్కు, చెవులు పెంచి గీస్తే నవ్వు వస్తోంది కానీ మనిషి పోలిక పోతోంది, ఏం చేయాలి?

అన్నీ ఒకేసారి పెంచుతున్నారు, అదే చిక్కు. మనం మనిషిని గుర్తుపట్టేది విడిగా ముక్కుతోనో చెవులతోనో కాదు, ముఖం మొత్తం ఆకారంతో, అవయవాల మధ్య దూరాలతో. మామూలు ముఖానికీ ఈ ముఖానికీ తేడా ఎక్కడుందో పట్టుకుని, దాన్నే సాగదీయండి. మిగతావి తగ్గించండి.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఫ్రాన్స్‌ది. రాజు లూయీ ఫిలిప్‌ను అవమానించాడన్న కేసులో 1831లో షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికాధిపతి, రాజు ముఖం నాలుగు బొమ్మల్లో మెల్లగా బేరిపండుగా మారడం గీసి చూపించాడు. కింద బరువైన బుగ్గలు, పైన సన్నబడే తల. పోలికంతా ఆ ఆకారంలోనే ఉంది! శిక్ష తప్పలేదు కానీ, ఆ పండు రాజుకు గుర్తుగా నిలిచిపోయింది.

అతని పత్రికకు గీసిన ఒనోరే దోమియే, రాజకీయ నాయకుల తలలను మట్టితో చేసి రంగులు కూడా వేశాడు. వాటిలో 36 పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. ఈ పద్ధతి తప్పకుండా ప్రయత్నించండి. పిడికెడు మట్టితో తల చేసి, టేబుల్ లైట్ కింది నుంచి వేసి, నాలుగు వైపుల నుంచీ గీయండి. ఫొటోలో కనబడని దవడ బరువు అప్పుడు చేతికి తెలుస్తుంది.