నిచ్చెన కోసం బండి కొనాలా?

ప్రశ్న: మాది అనంతపురం. నా వయసు 34. బెంగళూరులో ఆఫీసు భవనాల అద్దాలు శుభ్రం చేసే కాంట్రాక్టరు దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. అమ్మకు ఒంట్లో బాగాలేక ఊరికి వచ్చేశాం. ఇక్కడ ఇళ్లకు, షోరూములకు అద్దాలు తుడిచే పని సొంతంగా పెట్టుకోవాలని ఉంది. నెలకు 12 ఇళ్లు, ఇంటికి సగటున 1,350 రూపాయలు, ఇంకో నాలుగు షోరూములు నెలకు 2,000 చొప్పున దొరుకుతాయని నా అంచనా. చేతిలో 3.2 లక్షలు ఉన్నాయి, పీఎఫ్ వేరే. 2015 మోడల్ వ్యాగన్ఆర్ ఉంది, దాని మీద అప్పు లేదు. సమస్యంతా నిచ్చెనలతోనే. వాటిని కారులో తీసుకెళ్లడం కుదరదు, చిన్న ట్రక్కు కొనుక్కో అని అందరూ అంటున్నారు. ఆన్‌రోడ్ 5.6 లక్షలు చెప్పారు. 1.1 లక్షలు కట్టి మిగతా 4.5 లక్షలు ఐదేళ్ల లోను, వడ్డీ 11 శాతం. పాతూరులో కొట్టు నడిపే మా మామగారు షూరిటీ సంతకం పెడతానన్నారు. ఇంటి ఖర్చు నెలకు 22,000. నా భార్య టైలరింగ్ చేసి 7,000 దాకా తెస్తుంది. లోను తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. పని మాత్రం తప్పకుండా మొదలుపెట్టండి. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఈ పనికి మన ఊళ్లో ఎక్కువమంది లేరు. కానీ మొదటి రోజునుంచే నెత్తిన ఈఎంఐ పెట్టుకుని దిగకండి.

మీరు రాసిన అంకెలతోనే లెక్క వేద్దాం. 12 ఇళ్ల మీద 16,200, షోరూముల మీద 8,000. మొత్తం 24,200 రూపాయలు. దీనికి నెలలో 16 రోజుల పని పడుతుందనుకుందాం. నిచ్చెన పట్టుకోవడానికి మనిషి లేకుండా ఈ పని చేయకూడదు కాబట్టి హెల్పర్‌కు రోజుకు 600 చొప్పున 9,600. పెట్రోలు, లిక్విడ్లు, గుడ్డలు కలిపి 2,400. మీకు మిగిలేది 12,200.

ఇప్పుడు ట్రక్కు సంగతి. 4.5 లక్షలకు 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఈఎంఐ దాదాపు 9,784 రూపాయలు. ఐదేళ్లలో కట్టే వడ్డీయే 1.37 లక్షలు. సరుకు రవాణా బండి కాబట్టి ఇన్సూరెన్సు మీ కారుకు కట్టినంతతో సరిపోదు. థర్డ్ పార్టీ ఒక్కటే ఏడాదికి 16 వేల దాకా ఉంటుంది. సొంత బండి డ్యామేజీ కవరు కూడా కలిపి నెలకు 1,800 అనుకోండి. అప్పుడు 12,200లో 11,584 బండికే పోతుంది. నెలంతా ఎండలో నిలబడి చేసిన పనికి మీ చేతికి వచ్చేది 616 రూపాయలు. మీ హెల్పర్‌ ఒక్కరోజు కూలి కంటే 16 రూపాయలు ఎక్కువ. మీ భార్య సంపాదన కలుపుకున్నా ఇంటి ఖర్చుకు నెలకు 14 వేలకు పైగా తక్కువ పడుతుంది. డౌన్‌పేమెంటు, సామాన్లకు 35,000 పోను మిగిలిన 1.75 లక్షలు ఏడాదికి కరిగిపోతాయి. ఆ తర్వాత కట్టాల్సిన ఈఎంఐలు ఇంకా నాలుగేళ్లు ఉంటాయి. మామగారి సంతకం పనిలోకి వచ్చేది అప్పుడే.

మీకు సలహా ఇచ్చినవాళ్లంతా పెద్ద నిచ్చెనను మనసులో పెట్టుకుని, దానికి తగ్గ బండి వెతుకుతున్నారు. మీరు ఉన్న కారును ముందు పెట్టుకుని, దానికి తగ్గ నిచ్చెన వెతకండి. మీ వ్యాగన్ఆర్ పొడవు సుమారు 3.6 మీటర్లు, అంటే 12 అడుగులకు కాస్త తక్కువ. ఈ ఒక్క కొలత చాలు, ఏం కొనాలో అదే చెబుతుంది.

మొదటిది టెలిస్కోపిక్ నిచ్చెన. సాగదీస్తే 12 అడుగులు దాటుతుంది, మూస్తే మూడడుగుల లోపు సంచిలా అయిపోతుంది. 150 కిలోలు మోస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి. వెనక సీటు మడిచి పడుకోబెట్టవచ్చు. కానీ ఊరికే పడేయకండి. సడన్ బ్రేకు వేస్తే పది, పన్నెండు కిలోల అల్యూమినియం మీ తల వెనక్కి దూసుకొస్తుంది. సీటు బెల్టు బిగించే కొక్కేనికి బెల్టు వేసి కట్టండి. మన ఊరి దుమ్ము దాని లాకుల్లో చేరితే మెట్టు సరిగా పడదు. రోజూ సాయంత్రం తుడిచి, ఎక్కేముందు ప్రతి లాకూ పడిందో లేదో చూసుకోండి.

రెండోది నిచ్చెనే కాదు, పొడవాటి పోల్. 18, 20 అడుగులు సాగే పోల్‌కు వైపర్ తగిలిస్తే మొదటి అంతస్తు అద్దాలు చాలావరకు నేల మీద నుంచే అయిపోతాయి. బ్రిటన్‌లో 2005లో ఎత్తు పనుల మీద నిబంధనలు వచ్చాక అద్దాలు తుడిచేవాళ్లు పెద్ద సంఖ్యలో నిచ్చెన దిగి, నీళ్లు పారే పోల్‌లకు మారారు. వాళ్లు భద్రత కోసం మారినా, మనకు కారులో పట్టే సామాను అనే లాభం కూడా ఉంది. అయితే ఒక్కటి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అద్దం మీద ఆరితే తెల్ల మరకలు పడతాయి. చివరి కడుగు ఆర్వో నీళ్లతో చేయండి. నీళ్లలో ఉప్పు ఎంత కరిగి ఉందో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు వస్తుంది, కొని డిక్కీలో ఉంచుకోండి.

మూడోది, పని కుదిరాక కొనాల్సింది, పది అడుగుల ముక్కలు రెండు ఉండే ఎక్స్‌టెన్షన్ నిచ్చెన. సాగదీస్తే 17 అడుగుల దాకా వస్తుంది. మూస్తే పది అడుగులే కాబట్టి కారు మీద పెడితే ముందుకూ వెనక్కూ బయటికి పొడుచుకు రాదు. కారు మాన్యువల్‌లో పైకప్పు ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది. ఆ బరువులో క్యారియర్ బరువు కూడా కలుస్తుందని మరచిపోవద్దు. క్యారియర్‌ను వెల్డింగ్ చేయించకండి, బోల్టులతో బిగించి విప్పే రకమే పెట్టించండి. నీళ్ల క్యాన్లు ఎప్పుడూ లోపల, కింద ఉండాలి.

కట్టడం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. కొన్నేళ్ల కిందట ఇల్లు మారేటప్పుడు నేనూ ఒక నిచ్చెనను నైలాన్ తాడుతో కారు మీద కట్టాను. గట్టిగానే కట్టాననుకున్నాను. హైవే మీద రాప్తాడు దాటేసరికి తాడు సాగింది, నిచ్చెన ఒక పక్కకు జారి వేలాడింది. వెనక బైకు మీద ఒక కుటుంబం వస్తోంది. ఏమీ జరగలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నైలాన్ సాగుతుంది, రబ్బరు తాళ్లు ఇంకా సాగుతాయి. లారీల వాళ్లు వాడే, పిడి ఆడించి బిగించే రాచెట్ బెల్టులు రెండు క్యారియర్ బార్ల దగ్గర వేయండి, మరొక బెల్టును ముందు వైపు కిందికి లాగి కట్టండి. బయల్దేరిన ఐదు కిలోమీటర్లకు ఆపి మళ్లీ బిగించండి. ఆషాఢ మాసంలో ఇక్కడ గాలి ఎలా వీస్తుందో మీకు తెలుసు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని చూసే. ఆ రోజుల్లో నిచ్చెనను కారు మీద హైవే ఎక్కించకండి, మీరూ నిచ్చెన ఎక్కకండి. కారు మీద నుంచి దించి నిలబెట్టే క్షణంలో పైన కరెంటు తీగలు చూసుకోవడం మరచిపోవద్దు. అల్యూమినియం కరెంటును లాగేస్తుంది.

జరిమానా లెక్క కూడా చెప్పాలి. బండి నుంచి సరుకు హద్దు దాటి పక్కకో, ముందుకో, వెనక్కో పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. డిక్కీ తెరిచి, 14 అడుగుల నిచ్చెన చివరకు ఎర్రగుడ్డ కట్టి వెళ్లిపోదామనుకునేవాళ్లకు ఇది తెలియదు. దానికంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్సులో ఉంది. మీ కారు పాలసీ తీసి, వాడకం పరిమితులు అన్నచోట చదవండి. కిరాయికి వాడకూడదు, శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప సరుకు మోయకూడదు అని ఉంటుంది. మీ పనిముట్లు ఆ మాటలో సరుకు కిందికి వస్తాయా, రావా అన్నది ప్రమాదం జరిగాక తేల్చుకునే విషయం కాదు. ఇప్పుడే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: 'నా సొంత పనిముట్లు, ఒక నిచ్చెన ఈ కారులో పనికి తీసుకెళ్తాను. పాలసీ వర్తిస్తుందా? అదనంగా ఏమైనా కట్టాలా?' జవాబు రాతలో రావాలి. ఏజెంటు 'ఏం కాదులే సార్' అన్న మాటకు విలువ లేదు.

మూడో అంతస్తు పనో, పెద్ద షోరూము పనో వస్తే? ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. రోజుకు 500 అనుకున్నా, ట్రక్కుకు పెట్టే 11,584 రూపాయలతో 23 రోజులు ఆటో వస్తుంది. మీ మొత్తం పనే 16 రోజులు. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టి, ఆటో పిలిచిన ప్రతి రోజూ రాసుకోండి. వరసగా మూడు నెలలు ఆ లెక్క 20 రోజులు దాటితే అప్పుడు ట్రక్కు గురించి మాట్లాడదాం. అప్పటికి మీ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్తే షూరిటీ గొడవ లేకుండా, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ముద్రా లోనుకు వెళ్లవచ్చు. అందులో కిశోర్ విభాగంలో 5 లక్షల దాకా ఇస్తారు, తాకట్టు అడగరు. మీ కారు లైసెన్సుతోనే చిన్న ట్రక్కు నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది కాబట్టి ఆ టెన్షన్ కూడా ఉండదు.

మీ 3.2 లక్షలను ఇలా విడదీయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు 1.32 లక్షలు ఎఫ్‌డీలో వేసి, అది లేదనుకోండి. అమ్మగారి ఆరోగ్యం దృష్ట్యా ఇందులో ఒక్క రూపాయి తగ్గించడానికి నేను ఒప్పుకోను. టెలిస్కోపిక్ నిచ్చెన, పోల్, వైపర్లు, హెల్మెట్లు, బూట్లు అన్నీ అటూ ఇటుగా 35,000లో అయిపోతాయి. క్యారియర్, రెండో నిచ్చెనకు 25,000 విడిగా పెట్టి, రెండు నెలలు పని నడిచాక తీయండి. కారు టైర్లు, బ్రేకులకు 20,000. మిగిలే 1.08 లక్షలు మొదటి ఏడాది లోటు కోసం. కారుతోనే నడిపితే మీ లోటు నెలకు 2,800 దాకా ఉంటుంది, అంటే ఏడాదికి 34 వేల లోపు. అంచనా తప్పి ఇళ్లు సగమే దొరికినా ఆ డబ్బు ఏడాది దాకా కాస్తుంది. పీఎఫ్ ముట్టుకోకండి. గత రెండు మూడేళ్లుగా 8.25 శాతం వడ్డీ ఇస్తున్న ఖాతా అది.

నిచ్చెన ఎక్కే మనిషికి ముందు కావాల్సింది ప్రమాద బీమా. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా మీకూ, హెల్పర్‌కూ ఈ వారమే చేయించండి. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. కానీ కాలు విరిగి రెండు నెలలు మంచాన పడితే అది ఏమీ ఇవ్వదు. అందుకే వారం వారం ఆదాయం ఇచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ విడిగా తీసుకోండి. ఫారంలో మీ పని ఎత్తు మీద చేసేదని దాచకుండా రాయండి. ప్రీమియం కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.

కాగితాల పని పెద్దగా లేదు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఇంటి నుంచే చేసుకోవచ్చు. అది ఉంటే షోరూముల వాళ్లు డబ్బు 45 రోజులకు మించి ఆపకూడదని చట్టం మీ వైపు ఉంటుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు.

రాబడి పెంచే దారి ఒకటి చెబుతాను. గృహప్రవేశాల ముందు కొత్త ఇళ్ల అద్దాల మీద పెయింటు, సిమెంటు మరకలు తీసే పనికి మామూలు రేటు కంటే ఎక్కువ ఇస్తారు. ఇంటి మేస్త్రీలను, ఇంటీరియర్ పని చేసేవాళ్లను పరిచయం చేసుకోండి. మేడల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్న ఇళ్లు పెరుగుతున్నాయి. మీ పోల్, ఆర్వో నీళ్లు అక్కడా పనికొస్తాయి.

మీ మామగారి మంచి మనసును కాదనవద్దు. సంతకం బదులు ఆయన పరిచయాలు అడగండి. పాతూరులో కొట్టు నడిపే మనిషికి చుట్టుపక్కల పది కొట్ల యజమానులు తెలిసే ఉంటారు. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆయన కొట్టు ముందు అద్దాలు మీరే తుడిచి, తుడవకముందు, తుడిచాక రెండు ఫోటోలు తీయండి. వాటిని ఆయన ఫోనులో వేసి పక్క కొట్టువాళ్లకు చూపించమనండి.