ఫ్రాన్స్ దగ్గర అమెరికా తరఫున లూసియానా ప్రాంతం కొన్న లివింగ్‌స్టన్, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన లివింగ్‌స్టన్ ఒకరేనా?

కాదండి. సంతకం ఫిలిప్ లివింగ్‌స్టన్‌ది, అదే వంశంలో మరొకరు. మీరడిగిన రాబర్ట్ ఆర్. లివింగ్‌స్టన్ (1746–1813) ఆ ప్రకటన ముసాయిదా కమిటీ ఐదుగురిలో ఒకడే గానీ, సంతకాల వేళకి న్యూయార్క్ పనుల మీద వెళ్లిపోయాడు. ఆయన తండ్రి పేరు కూడా రాబర్టే. పాత కాగితాల్లో "జడ్జి" అని ఉంటే తండ్రి, "ఛాన్సలర్" (న్యూయార్క్‌లో ఒక పెద్ద న్యాయాధికారి పదవి) అని ఉంటే కొడుకు.

జాన్ జేతో కలిసి కొన్నాళ్లు వకాల్తు, 1781–83లో విదేశాంగ కార్యదర్శి పదవి, 1777 నుంచి 1801 దాకా న్యూయార్క్ ఛాన్సలర్‌గిరీ. 1789 ఏప్రిల్ 30న వాషింగ్టన్ చేత ప్రమాణం చేయించింది ఆయనే.

ఇక లూసియానా. అమెరికా ప్రత్యేక దూత జేమ్స్ మన్రో వచ్చి బేరం కుదిర్చాడనే మాట చాలాచోట్ల రాస్తారు, అది సగమే సరి. రాయబారిగా పారిస్ వెళ్లిన లివింగ్‌స్టన్ అప్పటికే ఏడాదికి పైగా అక్కడ తలుపులు తడుతున్నాడు. చెవుడు, పైగా ఫ్రెంచి అంతంతమాత్రం. 1803 ఏప్రిల్ 11న ఫ్రెంచి విదేశాంగ మంత్రి టాలీరాండ్ "మొత్తం లూసియానాకి ఎంతిస్తారు?" అని అడిగేసరికి ఈయన తడబడ్డాడు. మాకు న్యూ ఆర్లియన్స్, ఫ్లోరిడాలు చాలన్నాడు. చివరికి 2 కోట్ల ఫ్రాంకుల దాకా అంటే, అది చాలా తక్కువన్నాడు టాలీరాండ్. మన్రో పారిస్‌లో దిగింది ఆ మర్నాడే! 13 రాత్రి ఫ్రెంచి ఖజానా మంత్రి బార్బే-మార్బ్వా ముందు 10 కోట్లని, తర్వాత 6 కోట్లు, అమెరికా వర్తకుల బకాయిలు వేరే అని దిగొచ్చాడు. లివింగ్‌స్టన్ ఆ రాత్రే కూర్చుని అమెరికా విదేశాంగ మంత్రి మాడిసన్‌కి జరిగిందంతా రాశాడు.

లెక్క ఇలా: ఒప్పందంలో డాలరుకి 5.3333 ఫ్రాంకులని ఖాయం చేశారు. 6 కోట్ల ఫ్రాంకులు అంటే 1 కోటి 12.5 లక్షల డాలర్లు. ఇది నగదు కాదు, 6 శాతం వడ్డీ బాండ్లు. వాటిని బేరింగ్, హోప్ బ్యాంకులు తీసుకున్నాయి. మిగతా 2 కోట్ల ఫ్రాంకులు, అంటే 37.5 లక్షల డాలర్లు, ఫ్రాన్స్ నుంచి అమెరికా వర్తకులకి రావాల్సిన బకాయిల కింద అమెరికా ప్రభుత్వమే కట్టాలి. మొత్తం 1.5 కోట్లు.

తేడా కొట్టింది ఈ బకాయిల దగ్గరే. ఎవరికెంత రావాలో తేల్చకుండానే 2 కోట్ల హద్దు పెట్టేశారు. తీరా చూస్తే అడిగేవాళ్ల మొత్తం ఆ హద్దు దాటింది. ఎవరికి ముందివ్వాలన్న దాని మీద పారిస్‌లోనే ఆ బకాయిలు చూసే అమెరికా కమిషనర్లకీ లివింగ్‌స్టన్‌కీ గొడవలయ్యాయి.