డ్రైవ్‌వేలో ఆర్వీ పెడితే హెచ్‌ఓఏ జరిమానా వేయొచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో సొంత ఇంట్లో ఉంటున్నాం. ఈ మధ్య 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే ఆర్వీ, అంటే పడుకునే ఏర్పాట్లున్న ప్రయాణ బండి) కొని డ్రైవ్‌వేలో పెట్టాం. పది రోజుల్లో తీయకపోతే జరిమానా అని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది. తీసేసి, రెండు నెలల తర్వాత మళ్లీ తెచ్చి పెడితే ఈసారి నేరుగా జరిమానా వేశామని ఇంకో ఉత్తరం. మా స్థలంలో మా బండి పెట్టుకుంటే వాళ్లకేంటి నష్టం? కట్టకపోతే ఇల్లు వేలం వేస్తారా? వేసవిలో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లు అందులో పడుకోవచ్చా?

జవాబు: స్థలం మీదే. కానీ ఇల్లు కొన్న రోజే ఆ సబ్‌డివిజన్ షరతులకు మీరు ఒప్పుకున్నట్టు లెక్క. క్లోజింగ్ (ఇల్లు మీ పేరున మారిన) రోజు సంతకం పెట్టిన కాగితాల కట్టలో వాటి ప్రస్తావన ఉండే ఉంటుంది, ఎవరూ చదవరంతే. ఆ షరతుల పత్రం కౌంటీ క్లర్క్ ఆఫీసులో రికార్డయి ఉంటుంది. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది కాబట్టి మీ ఇల్లు ఎటు వస్తుందో ముందు చూసుకోండి. కనీసం 60 ఇళ్లున్న హెచ్‌ఓఏలు, మేనేజ్‌మెంట్ కంపెనీ ఉన్నవి ఈ పత్రాలను తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. రికార్డు చేయించని రూలు టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 202.006 ప్రకారం చెల్లదు. మేనేజర్ ఈమెయిల్‌లో పంపిన 'పార్కింగ్ పాలసీ' కౌంటీ రికార్డులో లేకపోతే మీ వాదనకు అదే పెద్ద బలం.

పార్కింగ్ క్లాజును ఒక్కో మాట పట్టుకుని చదవండి. 'వీధిలోంచి కనిపించకూడదు' అని ఉంటే ఫెన్స్ వెనక పెట్టుకునే వీలుంటుంది, కాకపోతే ట్రైలర్ ఎత్తు ఫెన్స్‌ను దాటకూడదు. మామూలు ఫెన్స్ 6 నుంచి 8 అడుగులు, ట్రావెల్ ట్రైలర్ పది అడుగులు దాటుతుంది. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. సామాను ఎక్కించి దించడానికి 24 లేదా 48 గంటల వెసులుబాటు ఇచ్చే క్లాజులు చాలా పత్రాల్లో ఉంటాయి. అలాంటిది ఉంటే తెచ్చిన టైమ్, తీసుకెళ్లిన టైమ్ కనిపించేలా ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆర్వీ అంటే ఏమిటో నిర్వచనం ఎలా రాశారో కూడా చూడండి. మీది ఇంజిన్ లేని ట్రైలర్ కాబట్టి, మోటారు బండ్ల గురించి మాత్రమే చెప్పే క్లాజు దానికి వర్తించకపోవచ్చు.

ఇక జరిమానా సంగతి. అదే ప్రాపర్టీ కోడ్‌లోని 209.006 ప్రకారం హెచ్‌ఓఏ జరిమానా వేసే ముందు, పంపినట్టు రుజువు ఉండే పోస్టులో నోటీసు ఇవ్వాలి. తప్పేంటో, ఏ తేదీలోపు సరిచేసుకోవాలో, హియరింగ్ (హెచ్‌ఓఏ బోర్డు ముందు మీ వాదన వినిపించే సమావేశం) అడిగే హక్కు ఉందనీ అందులో ఉండాలి. సరిదిద్దుకోగల తప్పులకు ఉదాహరణలు చెబుతూ ఆ సెక్షన్ మొదట పేర్కొన్నది పార్కింగ్‌నే. గడువులోపు బండి తీసేస్తే ఆ తప్పుకు జరిమానా వేయకూడదు. మొదటిసారి మీకు జరిగింది అదే.

రెండోసారి చిక్కు ఎక్కడొచ్చిందంటే, గత ఆరు నెలల్లో ఇలాంటి తప్పుకే నోటీసు, గడువు ఇచ్చి ఉంటే మళ్లీ గడువు ఇవ్వక్కర్లేదు. కాబట్టి రెండు ఉత్తరాల తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఆరు నెలలు దాటితే జరిమానా నిలవదు. మీరు చెప్పిన రెండు నెలల లెక్క నిజమైతే ఈ వాదన మీకు పనికిరాదు.

అయినా హియరింగ్ అడగండి. అడగడానికి గడువు 30 రోజులు. అవి ఉత్తరం మీ చేతికి అందిన రోజు నుంచి కాదు, వాళ్లు పోస్టు చేసిన రోజు నుంచి లెక్క. సర్టిఫైడ్ మెయిల్ తీసుకోకుండా తిప్పి పంపేస్తే నోటీసు అందనట్టే అనుకునేవాళ్లున్నారు. అది పొరపాటు, గడువు నడుస్తూనే ఉంటుంది. హియరింగ్ రాతపూర్వకంగానే అడగాలి. ఆ హియరింగ్ ముగిసేవరకు వాళ్ల లాయర్ ఫీజు మీ మీద వేయడానికి 209.008 ఒప్పుకోదు. అసలు భారం జరిమానా కన్నా ఆ ఫీజులతోనే, అందుకే అడగమంటున్నాను. హియరింగ్‌కు కనీసం 10 రోజుల ముందు వాళ్ల దగ్గరున్న ఫొటోలు, కాగితాలు మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే మీకు 15 రోజుల వాయిదా హక్కుగా వస్తుంది. ముందు బోర్డు వైపు వాదన, తర్వాత మీది. మీరు ఆడియో రికార్డు చేసుకోవచ్చు. బండి ఇప్పటికే స్టోరేజ్ లాట్‌లో పెట్టామని రసీదు చూపించి, జరిమానా మాఫీ చేయమనండి. ఇలా అడిగితే చాలా బోర్డులు ఒప్పుకుంటాయి.

'పక్క వీధిలో ఇద్దరు పెట్టుకున్నారుగా' అనే వాదన మీదే ఆశ పెట్టుకోకండి. ఆ రూలును అందరూ వదిలేశారనిపించేంతగా ఉల్లంఘనలు ఉంటే తప్ప కోర్టు వినదు. కేసు దాకా వెళ్లి వాళ్లు గెలిస్తే వాళ్ల లాయర్ ఫీజు మీ నెత్తిన పడుతుంది, కోర్టు రోజుకు 200 డాలర్ల వరకు నష్టపరిహారం కూడా వేయగలదు. ఒక ట్రైలర్ కోసం అంత దూరం వెళ్లడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఇల్లు వేలం గురించి భయపడకండి. బాకీ కేవలం జరిమానాలు, వాటి తాలూకు లాయర్ ఫీజులే అయితే ఫోర్‌క్లోజర్ (బాకీ కింద ఇల్లు వేలం) చేయడానికి 209.009 ఒప్పుకోదు. నెలవారీ లేదా ఏడాది అసెస్‌మెంట్ (హెచ్‌ఓఏకు కట్టే రుసుము) మాత్రం కోపంతో ఆపకండి. అది బాకీ పడితే ఫోర్‌క్లోజర్‌కు దారి తెరిచినట్టే.

ఇదంతా హెచ్‌ఓఏ సంగతి. సిటీ రూల్స్ వేరు. హెచ్‌ఓఏ సరేనన్నా సిటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ టికెట్ ఇవ్వొచ్చు, సిటీ ఊరుకున్నా హెచ్‌ఓఏ జరిమానా వేయొచ్చు. వీధిలో పెట్టే ఆలోచన ఉంటే రాష్ట్ర ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 545.302 ప్రకారం ఎవరి డ్రైవ్‌వే ముందూ పెట్టకూడదు. ఫైర్ హైడ్రెంట్‌కు 15 అడుగులు, స్టాప్ సైన్‌కు 30 అడుగులు వదలాలి. సిటీ టికెట్ వస్తే దానిమీదున్న తేదీలోపు కోర్టుకు జవాబివ్వండి. పట్టించుకోకపోతే వారంట్ దాకా వెళ్తుంది. హెచ్1బీ, గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉన్నవాళ్లు కేసు ముగిసినట్టు కోర్టు ఇచ్చే కాగితం దాచుకోవాలి.

అమ్మానాన్నల విషయానికొస్తే, నివాస ప్రాంతంలో నిలిపిన ఆర్వీని పడకగదిలా వాడటాన్ని చాలా సిటీల జోనింగ్ రూల్స్ ఒప్పుకోవు. సాయంత్రం లైట్లు, సైడ్‌వాక్ మీదుగా ఎక్స్‌టెన్షన్ కార్డు కనిపిస్తే ఫిర్యాదు వెళ్లినట్టే. వాళ్లను ఇంట్లోనే పడుకోబెట్టండి. ట్రైలర్‌లో నిద్ర సంగతి, స్టేట్ పార్కులో సైటు బుక్ చేసుకున్నప్పుడు చూసుకోవచ్చు.