పర్యావరణం చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. రెండెకరాల కొబ్బరి తోట ఉంది. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. ఇంట్లోకి ప్లాస్టిక్ కవరు రానివ్వదు, పర్యావరణమే చదువుతానంటోంది. నేను బీఫార్మసీ అంటున్నాను. ఆ చదువుతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: వస్తుందండి. కాకపోతే కోర్సు పేరులో ‘పర్యావరణం’ అని ఉంటేనే వస్తుందనుకోకండి. కొనేవాళ్ల తీరు మారుతోంది. సరుకు బాగుంటే చాలదు, ఎలా పండించారు, మిగిలిన వ్యర్థం ఏం చేశారు అని కూడా అడుగుతున్నారు. దానికి పరీక్ష చేసి జవాబు చెప్పగలిగేవాళ్లు కావాలి.

మీ చుట్టుపక్కలే చూడండి. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీశాక మిగిలే పొట్టు ఒకప్పుడు కుప్పలుగా పడి ఉండేది. ఇప్పుడదే కోకోపీట్‌గా నర్సరీలకీ, విదేశాలకీ వెళ్తోంది. పచ్చి పొట్టులో ఉప్పు ఎక్కువ, అలాగే వాడితే లేత మొక్క దెబ్బతింటుంది. మంచినీళ్లతో కడిగి, ఈసీ మీటరుతో ఉప్పు ఎంత తగ్గిందో చూసి, అవసరమైతే కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి, ఆరాక 5 కిలోల దిమ్మెలుగా నొక్కుతారు. ‘ఈ లాట్ పంపొచ్చు’ అని చెప్పే మనిషికి కెమిస్ట్రీ, మొక్కల సంగతి రెండూ తెలియాలి. భీమవరం వైపు రొయ్యలదీ ఇదే కథ. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికితే సరుకు వెనక్కి రావచ్చు.

అందుకే నా సలహా బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ (తోటల సాగు), లేదా బీఎఫ్‌ఎస్సీ (చేపలు, రొయ్యల పెంపకం చదువు). నాలుగేళ్ల చదువు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలోనే ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మొదట్లో జీతం తక్కువే, ఆ సంగతి అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. నెల రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్లకి మాత్రం డబ్బు పోయకండి.

కవరు వద్దనే ఆ పట్టుదలని చాదస్తం అనకండి, ఈ పనికి కావలసింది అదే. సెలవుల్లో ఒక పీచు ఫ్యాక్టరీ చూపించండి, వీలైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి కూడా తీసుకెళ్లండి.

ఇంకో మాట. బీఫార్మసీకైనా, హార్టికల్చర్‌కైనా ఈఏపీసెట్ ర్యాంకే అడుగుతారు. కాబట్టి ఇంట్లో ఇప్పటినుంచే గొడవ, టెన్షన్ అక్కర్లేదు. పరీక్షకి బాగా చదవనివ్వండి. తోట ఉంది కాబట్టి నోటిఫికేషన్‌లో రైతు కోటా నిబంధనలు చూసి, పొలం పాస్‌బుక్, స్టడీ సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోండి.