సీసాలో ఉన్న ఏనుగు పిల్ల

ప్రశ్న: మా పలమనేరు వైపు పొలాల మీద పడే ఏనుగుల శాస్త్రీయ నామం ఎలిఫస్ మాక్సిమస్ అని చదువుకున్నాం. అసలు ఆ పేరు పెట్టింది ఆఫ్రికా ఏనుగును చూసి అంటున్నాడు మా అబ్బాయి. నిజమేనా మేడమ్? అయితే పేరు మార్చేస్తారా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: సగం నిజమేనండీ. 1758లో ఆ పేరు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఏనుగులన్నీ ఒకటే జాతి అనుకున్నాడు. ఆయన చూసిన వాటిలో స్పిరిట్ సీసాలో దాచిన ఏనుగు పిండం ఒకటి. ఆమ్‌స్టర్‌డామ్‌లో మందుల వ్యాపారి ఆల్బర్టస్ సెబా దగ్గర ఉండేది, ఇప్పుడు స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఉంది.

జంతువుల పేర్లలో ఒక పద్ధతుంది. ప్రతి పేరూ ఒక నమూనాకు ముడిపడి ఉంటుంది, దాన్ని 'టైప్' అంటాం. టైప్ ఏ జాతిదైతే పేరు ఆ జాతికే చెందుతుంది. కోపెన్‌హాగెన్ పరిశోధకులు సెబా పిండంలోని ప్రోటీన్లు పరీక్షిస్తే అది ఆఫ్రికా ఏనుగని తేలింది! స్పిరిట్‌లో అన్నేళ్లు నానిన కండ నుంచి అంత రాబట్టడం మాటలు కాదు. లేబుళ్లు ఊడిపోయిన సీసాలతో కాలేజీ ల్యాబ్‌లో తంటాలు పడ్డదాన్ని, నాకు తెలుసు.

ఆ పిండాన్నే టైప్‌గా ఖాయం చేసి ఉంటే మాక్సిమస్ పేరు ఆఫ్రికాకు పోయేది. మన ఏనుగుకు తర్వాతెప్పుడో పెట్టిన వేరే పేరు వెతుక్కోవాల్సి వచ్చేది. పుస్తకాలన్నీ తలకిందులే.

అయితే లిన్నేయస్ ఏ ఒక్కదాన్నీ టైప్‌గా ఎంచలేదు. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ రే రాసిన వర్ణనను కూడా ఆధారంగా చూపాడు. రే 1664లో ఫ్లారెన్స్‌లో ఒక ఏనుగు అస్థిపంజరం చూశాడు. లిన్నేయస్ దాన్ని కళ్లారా చూడకపోయినా, ఉదహరించాడు కాబట్టి నియమాల ప్రకారం అదీ లెక్కలోకి వస్తుంది. పరిశోధకులు దాన్నే టైప్‌గా నిర్ణయించి, 2013లో ప్రకటించారు. నన్నడిగితే అంతకన్నా మంచి ఎంపిక లేదు. ఆ అస్థిపంజరం హాన్స్‌కెన్ అనే ఆడ ఏనుగుది. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి, అంటే మన ఆసియా జాతే, యూరప్‌కు తెచ్చి ఊరూరా తిప్పి ఆడించారు పాపం. 1655లో ఫ్లారెన్స్‌లోనే చనిపోయింది. చిత్రకారుడు రెంబ్రాంట్ ఆ ఏనుగునే 1637లో బొమ్మ గీశాడు. జువాలజీలో ఇంత గొప్ప చిత్రకారుడు గీసిన టైప్ ఇంకోటి ఉందా అంటే అనుమానమే.

కాబట్టి ఎలిఫస్ మాక్సిమస్ పేరు అలాగే ఉంటుంది. మీ పొలాల మీదకొచ్చేవి అందులో ఇండికస్ అనే ఉపజాతి, శ్రీలంకవి మాక్సిమస్ ఉపజాతి. పరీక్షలో అడిగితే మీ అబ్బాయిని ఎలిఫస్ మాక్సిమస్ అనే రాయమనండి.