పాట మధ్యలో లైవ్ ఆగిపోతుంటే తప్పు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు ఉన్నాయి. లైవ్ మొదలైన ఇరవై నిమిషాలకు ప్రసారం ఆగి ఆగి వెళ్తోంది. పాట ముందు వినిపించి, పెదవులు తరవాత కదులుతున్నాయి. స్పీడ్ టెస్టులో మాత్రం 100 ఎంబీపీఎస్ కనిపిస్తోంది. నేను వయొలిన్ వాయిస్తాను. నాలుగేళ్లుగా వారానికొక లైవ్ ఇస్తున్నాను. ఈ మూడూ నేను పడ్డ బాధలే కాబట్టి, నాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

కెమెరా, మైకు, ఇంటర్నెట్ ప్లాన్ దేన్నీ ఇప్పుడే మార్చకండి. వచ్చే లైవ్‌లో ఓబీఎస్‌లో (కంప్యూటర్ నుంచి లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) ప్రసారంతో పాటు రికార్డింగు బటన్ కూడా నొక్కండి. కార్యక్రమం అయ్యాక ఆ రికార్డింగును హెడ్‌ఫోన్స్‌తో మొదటినుంచీ వినండి. శ్రోతలకు తెగిపోయిన చోట మీ రికార్డింగు శుభ్రంగా ఉంటే లోపం నెట్‌వర్క్‌లో ఉంది. అక్కడ కూడా తెగితే లోపం మీ గదిలోనే ఉంది, ఎంత మంచి ఇంటర్నెట్ తెచ్చినా అది పోదు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా నేను మూడు నెలలు చీకట్లో బాణాలు వేశాను. కొత్త మైకు కూడా కొన్నాను. పాత మైకులో ఏ లోపమూ లేదు.

లైవ్ నడుస్తున్నంతసేపూ ఓబీఎస్‌లోని స్టాట్స్ కిటికీ తెరిచి ఉంచండి. నెట్‌వర్క్ వల్ల పోయిన ఫ్రేములు (వీడియోలోని ఒక్కో బొమ్మ), ఎన్‌కోడింగ్ (వీడియోను కుదించడం) ఆలస్యం వల్ల వదిలేసిన ఫ్రేములు, రెండరింగ్ (దృశ్యాన్ని తయారుచేయడం) ఆలస్యం వల్ల తప్పిపోయిన ఫ్రేములు అందులో విడివిడిగా కనిపిస్తాయి. మొదటి అంకె పెరుగుతుంటే ఇంటర్నెట్ దారి ఇరుకైందని అర్థం. మిగిలిన రెండూ పెరుగుతుంటే కంప్యూటర్ అలసిపోతోంది. చాలాసేపటికి వేడెక్కి నెమ్మదించే ల్యాప్‌టాప్‌లలో ఇలా జరుగుతుంది.

నా విషయంలో పెరిగింది మొదటి అంకె. ఒక సాయంత్రం విలంబంలో ఒక రచన వాయిస్తున్నాను. కళ్లు తెరిచి చూసేసరికి చాట్ నిండా "ఆగిపోయింది", "వినిపించడం లేదు" అన్న మాటలే. దాదాపు నాలుగు నిమిషాలు నేను ఖాళీ గదికి వాయించాను. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది. మరుసటి వారం రౌటర్ పేజీ తెరిచి పక్కన పెట్టుకున్నాను. సరిగ్గా ఆ సమయానికే పక్క గదిలోని ఫోను ఒకటి అప్‌లోడ్ వేగమంతా తినేస్తోంది. రోజూ ఆ వేళకే ఆ ఫోనును ఛార్జింగ్‌కు పెడతారు. ఛార్జింగ్‌లో ఉండి, వైఫై అందగానే అది ఫోటోల బ్యాకప్ మొదలుపెట్టేది. నా లైవ్ ఇరవయ్యో నిమిషానికి తడబడటానికి కారణం అంతే. మీ ఇంట్లోనూ ఒకసారి చూడండి.

స్పీడ్ టెస్టు చూపించే పెద్ద అంకె సాధారణంగా డౌన్‌లోడ్‌ది. మీ పాట వెళ్లేది అప్‌లోడ్ దారిలో. మీరు పాడే వేళకే, వేర్వేరు రోజుల్లో నాలుగైదు సార్లు అప్‌లోడ్ కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెలో సగమే బిట్‌రేట్‌గా (సెకనుకు పంపే డేటా) పెట్టుకోండి. కనిష్ఠంగా 6 ఎంబీపీఎస్ వస్తే 3000 కేబీపీఎస్ పెట్టండి. 720పీ, 30 ఫ్రేములకు అది చాలు. బిట్‌రేట్ పద్ధతి సీబీఆర్ (ఎప్పుడూ ఒకే బిట్‌రేట్), కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ పంపే ఫ్రేము) విరామం 2 సెకన్లు ఉంచండి. వైఫై వదిలి రౌటర్ నుంచి కంప్యూటర్‌కు కేబుల్ వేయండి. ప్రేక్షకులతో అప్పటికప్పుడు మాట్లాడాల్సిన పని లేకపోతే మీరు లైవ్ ఇచ్చే సైటు అమరికల్లో తక్కువ ఆలస్యం (లేటెన్సీ) బదులు సాధారణ ఆలస్యం ఎంచుకోండి. శ్రోతల ప్లేయర్‌లో కొన్ని సెకన్ల నిల్వ ఎక్కువ ఉంటుంది, చిన్న కుదుపులు వాళ్లకు తెలియవు.

ఇక పెదవుల సంగతి. కెమెరా నుంచి దృశ్యం కంప్యూటర్‌లోకి రావడానికి కొంత సమయం పడుతుంది, ధ్వని అంతకంటే ముందే చేరుతుంది. కెమెరా ముందు గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టి రికార్డు చేయండి. అరచేతులు కలిసిన ఫ్రేమును, శబ్దం వినిపించిన చోటును పోల్చండి. 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము దాదాపు 33 మిల్లీసెకన్లు. శబ్దం నాలుగు ఫ్రేములు ముందుంటే, ఓబీఎస్‌లో ఆడియో అధునాతన లక్షణాలలో సింక్ ఆఫ్‌సెట్ (ధ్వనిని ఆలస్యం చేసే అమరిక) 130 మిల్లీసెకన్ల దగ్గర పెట్టండి. తేడా మొదట్లో లేకుండా గంట గడిచేసరికి పెరుగుతుంటే మాత్రం కారణం వేరు. శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని కొలిచే సార్లు) మైకులో, కంప్యూటర్‌లో, ఓబీఎస్‌లో ఒకచోట 44.1, ఇంకోచోట 48 కిలోహెర్ట్జ్ ఉందేమో చూసి అన్నిచోట్లా 48 చేయండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. శబ్ద నివారణ (నాయిస్ సప్రెషన్) ఫిల్టరు ఉంటే తీసేయండి. అది మాటల కోసం తయారైంది. మారకుండా సాగే ధ్వనిని ఫ్యాను చప్పుడుగా భావించి అణిచేస్తుంది. నా రికార్డింగులో ఒక దీర్ఘస్వరం నిండుగా మొదలై, రెండో సెకనుకు నీళ్లలో మునిగినట్టు పలచబడి, విల్లు దిశ మార్చగానే మళ్లీ పైకి లేచింది. శ్రోతలు నా చేతిలోనే పట్టు లేదనుకుని ఉంటారు. మైకు స్థాయిని దానంతటదే మార్చే ఆటో గెయిన్ కూడా వద్దు. మీ పాటలో అతి బిగ్గరగా పాడే చోటు పాడి చూసి, మీటరు −6 డెసిబెల్స్ దాటకుండా మైకు సర్దుకోండి. గొంతు ఒక చెవిలోనే వినిపిస్తోందని ఎవరైనా అంటే, అదే లక్షణాల పట్టికలో మోనో గడి నొక్కితే సరిపోతుంది.

దృశ్యం కాస్త మసకగా ఉన్నా మన శ్రోతలు ఓపికగా కూర్చుంటారు. పాట తెగితే వెళ్లిపోతారు. దారి ఇరుకుగా ఉన్న రోజున వీడియో బిట్‌రేట్ ఎంతైనా తగ్గించండి, ఆడియోను మాత్రం 160 కేబీపీఎస్ నుంచి కదిలించవద్దు.

వచ్చే లైవ్ తరవాత స్టాట్స్‌లోని ఆ మూడు అంకెలు, మీ రికార్డింగులో ఇరవయ్యో నిమిషం ఎలా వినిపించిందో రాయండి. దాన్నిబట్టి తరవాత ఏది సర్దాలో చూద్దాం.